సిస్టర్ డాక్టర్ మేరీ గ్లౌరీ స్మారక పుస్తకం: భక్తిని, సేవను విడదీసి రాయవచ్చా?

ఆస్ట్రేలియా నుంచి వచ్చి గుంటూరులో వైద్యసేవ చేసిన కన్యస్త్రీ సిస్టర్ డాక్టర్ మేరీ గ్లౌరీ వర్ధంతి మే 5న వస్తుందని, దానికి మీ విచారణ (పారిష్) తరఫున ఒక చిన్న స్మారక పుస్తకం వేస్తున్నామని మీరు రాశారు. అందులో ఆమె భక్తి జీవితం ఒక అధ్యాయంగా, వైద్యసేవ మరొక అధ్యాయంగా ఉండాలనుకుంటున్నామని, ఆ విభజన సరైనదేనా అని, ఆమెను ‘పునీతురాలు’ (సెయింట్) అని రాయవచ్చా అని అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా ఉపదేశిగా, అంటే విచారణలో మతబోధ చేసేవాడిగా, పనిచేస్తూ మఠకన్యల జూబిలీ సంచికలు, విచారణ చరిత్రలు, సంస్మరణ పుస్తకాలు కూర్చడంలో పాలుపంచుకున్నవాణ్ణి కాబట్టి సమాధానం కొంచెం వివరంగానే రాస్తున్నాను. పునీతురాలు అని రాయకూడదు. అధ్యాయాలను అలా విడదీయకపోవడమే మంచిది. మొదటిది శ్రీసభ, అంటే కతోలిక సంఘం, నియమం. రెండోది నా అభిప్రాయమే అయినా, దానికి ఆధారం ఆమె జీవితంలోనే ఉంది. అందుచేత ముందు రెండో సంగతే చెబుతాను.

ఆమె 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలో, నేటి విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగర్రా అనే ఊళ్ళో పుట్టారు. తొమ్మిదిమంది సంతానంలో మూడోవారు. మల్లీ అని పిలిచే మెట్టప్రాంతంలో, వాచెమ్ అనే చిన్న ఊళ్ళో పెరిగారు. ఆ ఇంట్లో సాయంత్రం కుటుంబమంతా కూర్చుని జపమాల చెప్పుకునేవారు. మంచి గురువులను (గుడిలో పూజ జరిపే ఫాదర్లను), మంచి వైద్యులను ప్రసాదించమని ప్రత్యేకంగా వేడుకునే అలవాటు కూడా ఉండేది. స్మారక పుస్తకాలు రాసేవారు ఈ సంగతిని బాల్యం గురించిన పేరాలో ఒక ముచ్చటగా చెప్పి వదిలేస్తుంటారు. నేనైతే దాన్ని అక్కడ ఖర్చు చేయను. స్కాలర్‌షిప్ మీద మెల్బోర్న్‌కు చదువుకోవడానికి వచ్చి, విశ్వవిద్యాలయంలో మొదట బి.ఏ.లో చేరి, ఆ తరవాత దారి మార్చుకుని వైద్యవిద్యకు వెళ్ళిన ఘట్టంలో దాన్ని చెబుతాను. మంచి వైద్యులను ఇవ్వమని చిన్ననాటి నుంచి రోజూ అడిగిన పిల్ల, ఆ ప్రార్థనకు జవాబు తానే కావలసి వస్తుందేమోనన్న ఆలోచనకు చేరిన చోటు అదే. పాఠకుడు ఆ రెండు సంగతులను ఒకే పుటలో చూడాలి.

1910లో ఆమె వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఆ కాలంలో ఆడ డాక్టర్లకు ఆసుపత్రుల్లో శిక్షణ ఉద్యోగం దొరకడం కష్టం కావడంతో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కు వెళ్ళి పనిచేసి తిరిగి వచ్చారు. తరవాత మెల్బోర్న్‌లో కంటి, చెవి వైద్యశాలలోనూ, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలోనూ సేవచేస్తూ, కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు పెట్టుకున్నారు. నగరంలో పేరున్న డాక్టర్లు బోర్డు పెట్టుకునే వీధి అది. ఈ భాగాన్ని మీరు ఒక పేరాలో ముగించవచ్చు, కానీ ఆ వీధి పేరు మాత్రం వదలకండి. ఆమె విడిచిపెట్టి వచ్చినది ఏమిటో పాఠకుడికి తెలియాలంటే ఆ పేరు ఉండాలి.

1915 అక్టోబరులో డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించిన ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. భారతదేశంలో వైద్యం అందక పసికందులు, తల్లులు చనిపోతున్న తీరు అందులో ఉంది. దాన్ని చదివాకే భారతదేశానికి వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. మీరు పంపిన చిత్తుప్రతిలో దీని తరవాత వాక్యమే ‘అన్నీ విడిచి గుంటూరు చేరారు’ అని ఉంది. దయచేసి అక్కడ ఆగండి. ఆమె గుంటూరు చేరినది 1920 ఫిబ్రవరిలో. మధ్యలో నాలుగేళ్ళకు పైగా ఉన్నాయి. పిలుపు విన్న మర్నాడే ఆమె ఓడ ఎక్కలేదు. 1916లో మెల్బోర్న్‌లో ఏర్పడిన కతోలిక స్త్రీల సాంఘిక గిల్డుకు మొదటి అధ్యక్షురాలిగా ఎన్నికై, ఆడవాళ్ళ ఆరోగ్యం, జీవన పరిస్థితుల కోసం పనిచేశారు. ఆ గిల్డే నేడు అక్కడ కతోలిక స్త్రీల లీగ్‌గా కొనసాగుతున్నది. అదే కాలంలో మళ్ళీ చదువుకు కూర్చుని, 1919లో ప్రసూతి వైద్యం, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం విషయాలుగా ఎం.డి. పూర్తిచేశారు. ఆ విషయాల ఎంపిక ఒకసారి గమనించండి. తాను వెళ్ళబోయే చోట రేపు తన ముందుకు ఎవరు వస్తారో, వాళ్ళకు ఏమి కావాలో చూసుకుని ఎంచుకున్న చదువు అది. ఆమె దైవపిలుపు గురించి ఒక పుట రాయాలని మీకు ఉంటే, ఈ ఎం.డి. గురించి రాయండి. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు కనబడదు.

ఇక అసలు అడ్డంకి దగ్గరికి వద్దాం. మీ పుస్తకంలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వమని నా మనవి, ఎందుకంటే తెలుగులో వచ్చే వ్యాసాల్లో చాలావరకు ఇది ఒక్క వాక్యంతో దాటిపోతుంది. ఆమె ముందు రెండు గోడలు ఉండేవి. ఒకటి సమాజం కట్టినది. ఘోషా పాటించే ఇళ్ళలోని స్త్రీలే కాదు, పాటించని ఇళ్ళలోని వారు కూడా కాన్పు సమయంలో పరాయి మగవాడి చేయి పడనిచ్చేవారు కాదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ పడకపోయినా ఇంట్లోనే చావుబతుకుల మధ్య ఉండిపోయేవారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళగలిగేది ఆడ డాక్టరే. రెండో గోడ శ్రీసభ చట్టంలో ఉంది. గురువులు పాపుగారి (పోపు) ప్రత్యేక అనుమతి లేకుండా వైద్యం, శస్త్రచికిత్స చేయరాదన్న పాత నిషేధాన్ని 1917 నాటి కానన్ చట్టం నిలిపి ఉంచి, మఠసభల వారికి కూడా వర్తింపజేసింది. అందులోనూ కాన్పులు చేయడం కన్యస్త్రీలకు తగని పని అన్న భావన బలంగా ఉండేది. అంటే, రోగి దగ్గరికి చేరగలిగిన డాక్టరు ఆడమనిషే అయి ఉండాలి. ఆ ఆడమనిషి కన్యస్త్రీ అయితే మాత్రం డాక్టరుగా పనిచేయకూడదు. ఈ రెండు గోడల మధ్య ఎంతమంది తల్లులు రాలిపోయారో లెక్క కట్టినవారు లేరు.

ఆగ్నెస్ మెక్‌లారెన్ ఢీకొన్నది ఈ రెండో గోడనే. 1837లో స్కాట్లాండులో పుట్టి, తన దేశంలో ఆడవాళ్ళకు వైద్య పట్టా దొరకని రోజుల్లో ఫ్రాన్సులోని మోంపెలియేలో చదివి 1878లో డాక్టరైన మనిషి ఆమె. అరవై దాటాక కతోలిక శ్రీసభలో చేరారు. డెబ్బై దాటాక భారతదేశానికి వచ్చి, రావల్పిండిలో స్త్రీల కోసం ఆసుపత్రి ఏర్పాటుకు పాటుపడ్డారు. కన్యస్త్రీలను డాక్టర్లుగా పనిచేయనివ్వమని రోముకు పలుమార్లు మొరపెట్టుకుని, ఆ అనుమతి చూడకుండానే 1913లో కన్నుమూశారు. ఆమె చనిపోయిన రెండేళ్ళకు ఆమె గురించిన పుస్తకం మెల్బోర్న్‌లో ఒక యువ డాక్టరు చేతిలో పడింది. ఆస్ట్రియాకు చెందిన ఆన్నా డెంగెల్ కూడా ఇదే మెక్‌లారెన్ ప్రేరణతో డాక్టరై, రావల్పిండిలో పనిచేసి, 1925లో అమెరికాలో వైద్య ప్రేషిత సోదరీమణుల సభను స్థాపించారు. మెక్‌లారెన్ ఇద్దరినీ ముఖాముఖి చూడలేదు. ఒక స్త్రీ అడిగి అడిగి పొందలేకపోయిన దాన్ని మరిద్దరు స్త్రీలు వేర్వేరు దారుల్లో సాధించారు. డెంగెల్ కొత్త సభను కట్టారు. గ్లౌరీ గారు అప్పటికే ఉన్న సభలో చేరి, అనుమతి అడిగారు.

ఆ సభ యేసు మరియ జోజప్పల సభ, మనం జె.ఎం.జె. సిస్టర్లు అని పిలుచుకునేవారు. 1822లో హాలండులో పుట్టిన ఈ సభ 1904లో గుంటూరుకు వచ్చింది. గ్లౌరీ గారు గుంటూరుకు వచ్చి వీరితో చేరి, సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్, అంటే తిరుహృదయ మరియ అనే మఠనామం తీసుకున్నారు. పాపుగారు 15వ బెనెడిక్టు ప్రత్యేక ఆశీర్వాదంతో, వ్రతాలు పుచ్చుకున్న కన్యస్త్రీగా ఉంటూనే వైద్యం చేయడానికి ఆమెకు అనుమతి దొరికింది. కన్యస్త్రీ డాక్టర్లలో ఆమెను మొదటివారుగా చెబుతారు. శ్రీసభ అందరికీ ఆ తలుపు తెరిచినది 1936 ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగ నాడు, రోములోని విశ్వాస వ్యాప్తి సంఘం ఇచ్చిన ఉత్తరువుతో. అప్పటికి ఆమె గుంటూరులో పదహారేళ్ళుగా పనిచేస్తున్నారు. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి రాస్తే చాలు, ఆమె విధేయత ఎలాంటిదో విశేషణం అవసరం లేకుండానే తెలుస్తుంది. ఆమె నియమాన్ని ధిక్కరించలేదు. నియమం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనూ లేదు.

గుంటూరు విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరిగా పాటించండి. మీ చిత్తుప్రతిలో ‘ఆడ డాక్టరు అన్న మాటే ఎరుగని గుంటూరుకు’ ఆమె వచ్చారని ఉంది. అది నిజం కాదు, అచ్చులో వస్తే మరొకరి సేవను చెరిపేసినట్టు అవుతుంది. అమెరికా నుంచి లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ ఆన్నా కుగ్లర్ 1883లోనే గుంటూరుకు వచ్చారు. 1898లో అక్కడ స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు. 1930లో మరణించేదాకా ఈ ప్రాంతానికే అంకితమయ్యారు. అంటే పదేళ్ళ పాటు, రెండు వేర్వేరు సంఘాలకు చెందిన ఇద్దరు క్రైస్తవ స్త్రీ వైద్యులు ఒకే ఊరికి సేవచేశారు. మన కతోలిక పుస్తకాల్లో కుగ్లర్ గారి పేరు రాకపోవడం నాకు చాలాకాలంగా బాధ కలిగిస్తున్న విషయం. మీ పుస్తకంలో ఒక్క వాక్యంగానైనా ఆమెను తలచుకుంటే గ్లౌరీ గారి గౌరవం ఏమాత్రం తగ్గదు.

గ్లౌరీ గారు వచ్చేనాటికి సిస్టర్లకు ఉన్నది ఒక చిన్న మందుల శాల. అదే ఆమె చేతిమీదుగా పెరిగి సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి అయింది. చాలా ఏళ్ళ పాటు ఆమె ఒక్కరే డాక్టరు. అయితే ఎంతమందికి వైద్యం చేశారన్న సంఖ్య మీద మీరు పుస్తకం నిలబెట్టకండి. పెద్ద అంకె చదివినవారు తల ఊపి పుట తిప్పేస్తారు. ఆమె చేసిన పనిలో అన్నిటికన్నా ముందుచూపు ఉన్నది మరొకటి. స్థానిక స్త్రీలకే కాంపౌండర్లుగా, మంత్రసానులుగా, నర్సులుగా శిక్షణ ఇచ్చారు. ఆసుపత్రి దాకా రాలేని ఆడవాళ్ళు పల్లెల్లో వేలకు వేలు ఉన్నప్పుడు, ఒక్క డాక్టరు చేతులు ఎన్ని కాన్పులకు అందుతాయి? ఆ చేతుల నేర్పును పదిమంది చేతుల్లోకి పంపడమే ఆమె ఎంచుకున్న మార్గం.

ఈ సందర్భంలో నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెప్పాలి. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట ఒక విచారణ చరిత్ర కోసం పల్లెల్లో తిరుగుతూ, ఎనభై దాటిన ఒక అవ్వ దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసులోనే భర్త పోతే సిస్టర్ల ఆసుపత్రి ఒకదానిలో పని నేర్చుకుని, ఊరికి తిరిగి వచ్చి నలభై ఏళ్ళు కాన్పులు చేసిన మనిషి. ఆమెకు నేర్పినది గ్లౌరీ గారేనని నేను చెప్పడం లేదు. అవ్వ ఆ పేరు ఎత్తలేదు, నేనూ అందించలేదు. కాన్పుకు ఎలా సిద్ధమయ్యేవారని అడిగితే, మాటల్లో చెప్పడం ఇష్టం లేక లేచి అరుగు మీదికి వచ్చింది. మనవరాలితో చెంబుతో నీళ్ళు, సబ్బుబిళ్ళ తెప్పించుకుంది. గాజులు మోచేతి పైకి లాక్కుని, గోళ్ళ సందులు, వేళ్ళ మధ్యలు, మణికట్టు, మోచేతుల దాకా వరుస తప్పకుండా రుద్దింది. తరవాత కత్తెర సంగతి చెప్పింది. “బొడ్డు కోసే కత్తెర, కట్టే దారం పొయ్యి మీద గిన్నెలో వేసి, అది కుతకుతలాడడం మొదలెట్టాక జపమాల పట్టుకునేదాన్ని. యాభై మంగళవార్తలూ అయ్యేదాకా దింపకూడదని సిస్టరమ్మ చెప్పింది. గడియారం ఎవరింట్లో ఉంది అయ్యా?” అంది.

మంగళవార్త అంటే మరియమ్మకు చెప్పుకునే చిన్న ప్రార్థన; అది యాభైసార్లు వచ్చే జపమాల తొందరపడకుండా చెప్పుకుంటే పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. సూదులూ కత్తెర్లూ క్రిములు చచ్చేలా మరగడానికి ఇవ్వవలసిన సమయమూ దాదాపు అంతే. గడియారం లేని ఇంట్లో, భయంతో వణుకుతున్న ఒక నిండుచూలాలి పక్కన, ఆ ప్రార్థన సమయాన్ని కొలిచేది, నొప్పులు పడుతున్న మనిషికి ధైర్యం చెప్పేది, కత్తెరకు అంటిన క్రిమిని చంపే దాకా పొయ్యి మీద గిన్నె దింపనిచ్చేది కాదు. హిందువుల ఇళ్ళలో, తురకల ఇళ్ళలో కూడా ఆ జపమాల చెప్పుకునేదాన్నని, ఎవరూ వద్దనలేదని అవ్వ చెప్పింది. ఈ సంగతిని మీరైతే ఏ అధ్యాయంలో పెడతారు? భక్తి అధ్యాయంలోనా, సేవ అధ్యాయంలోనా? నేను ఆ రోజు ఇంటికి వచ్చి, అప్పటికి రాసుకున్న విషయసూచికను కొట్టివేసి, సంవత్సరాల వరుసలో మళ్ళీ రాసుకున్నాను. మీకు కూడా అదే సూచిస్తున్నాను. కాలక్రమంలో రాయండి. ప్రతి ఘట్టంలోనూ ప్రార్థన, పని ఎక్కడ కలిసి ఉంటే అక్కడే కలిపి చెప్పండి.

కాలక్రమంలో రాస్తే 1943 దగ్గర మీకు మరొక మంచి ఘట్టం దొరుకుతుంది. ఆ ఏడు జూలై 29న గ్లౌరీ గారు, వేర్వేరు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మరికొందరు కన్యస్త్రీలు కలిసి భారత కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. దేశంలో అక్కడొకటి ఇక్కడొకటిగా, ఒకదాని కష్టం మరొకదానికి తెలియకుండా పనిచేస్తున్న చిన్న ఆసుపత్రులను, మందుల శాలలను ఒక గొడుగు కిందికి తేవాలన్నది ఆలోచన. గర్భస్థ శిశువు మొదలుకొని మరణశయ్య మీది మనిషి దాకా ప్రాణాన్ని పవిత్రంగా చూసే వైద్యం నిలబడాలంటే ఒంటరి ఆసుపత్రుల వల్ల కాదని ఆమె గ్రహించారు. ఆ సంఘమే నేటి భారత కతోలిక ఆరోగ్య సంఘం. దాని కేంద్రం సికింద్రాబాదులో ఉంది, సభ్య సంస్థలు 3,500కు పైగా ఉన్నాయి. కతోలిక వైద్య కళాశాల ఒకటి రావాలన్నది కూడా ఆమె బలమైన కోరిక. బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల మొదలైంది 1963లో, అంటే ఆమె చనిపోయిన ఆరేళ్ళకు.

జూలై 29 ఆనాటి శ్రీసభ క్యాలెండరులో పునీత మార్తమ్మ పండుగ. లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు పాదాల దగ్గర కూర్చుని వాక్కు వింటున్న మరియ, పనుల్లో తలమునకలైన మార్త మీకు తెలిసినవారే. ఆ వాక్యం మీద చెప్పే ప్రసంగాల్లో ఆ అక్కచెల్లెళ్ళను తరచుగా ఎదురెదురుగా నిలబెడతారు. మరియ పేరు పెట్టుకున్న ఒక కన్యస్త్రీ, మార్త పండుగ నాడు ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. మీ పుస్తకానికి ముందుమాట రాసే విచారణ గురువులకు ఈ సంగతి అందించండి. ఆయన దీన్ని నాకన్నా బాగా వివరించగలరు.

ఆమె చివరి రోజుల గురించి తక్కువ రాయండి. క్యాన్సర్‌తో బాధపడి 1957 మే 5న బెంగళూరులో ప్రభువును చేరుకున్నారు. గుంటూరుకు వచ్చి ముప్పై ఏడేళ్ళు. బాధను వర్ణించి కన్నీళ్ళు తెప్పించే ప్రయత్నం చేయవద్దని, ఆమె అన్నట్టుగా మాటలు కల్పించి కొటేషన్ గుర్తుల్లో పెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. నేను తొలిసారి ఒక పెద్ద సిస్టర్ గారి జూబిలీ సంచికకు వ్యాసం రాసినప్పుడు ‘ప్రేమమూర్తి, త్యాగధని, కరుణామయి’ అంటూ మూడు పుటలు నింపాను. ఆమె అది చదివి, చాలా మృదువుగా, “బాబూ, ఇందులో నా పేరు తీసి మా పక్క గది సిస్టర్ పేరు పెట్టినా సరిపోతుంది కదా” అన్నారు. ఆ వ్యాసాన్ని మళ్ళీ రాయడానికి ఆమెతో నాలుగు రోజులు కూర్చోవలసి వచ్చింది. అప్పటి నుంచి, పేరు మార్చినా చెల్లుబాటయ్యే వాక్యం ఏదైనా నా కంటబడితే కొట్టివేస్తాను. మీ చిత్తుప్రతి మొదటి రెండు పుటల్లో అలాంటివి పదిహేడు గుర్తించి వెనక్కి పంపుతున్నాను.

ఇప్పుడు మీ మరొక ప్రశ్న. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు. ఇది పునీత పట్టం వైపు సాగే విచారణలో మొదటి మెట్టు. వీరోచిత పుణ్యజీవితం రుజువైందని పాపుగారు అంగీకరిస్తే పూజ్యురాలు అంటారు. ఆమె మధ్యవర్తిత్వంతో జరిగిన ఒక అద్భుతం ధ్రువపడితే ధన్యురాలు, ఆ తరవాత మరొకటి ధ్రువపడితే పునీతురాలు. అద్భుతం సాధారణంగా స్వస్థతే అయి ఉంటుంది. దాన్ని వేదాంతులకన్నా ముందు డాక్టర్ల మండలి పరీక్షించి, వైద్యశాస్త్రం వివరించలేనిదని తేల్చాలి. పుస్తకం అచ్చుకు వెళ్ళే వారంలో గుంటూరు మేత్రాసన (బిషప్ గారి) కార్యాలయంలో అడిగి, ఆ రోజుకు ఆమెకు చెల్లే బిరుదు ఏదో అదే అట్టమీద వేయండి. భక్తి ఎక్కువై ఒక మెట్టు ముందుకు రాస్తే, దానివల్ల ఆమె పునీత పట్టం విచారణకు మేలు జరగదు, చిక్కు వచ్చే అవకాశమే ఉంది.

చిక్కు అని ఎందుకంటున్నానంటే, 17వ శతాబ్దంలో పాపుగారు 8వ ఉర్బాను ఇచ్చిన శాసనాల ప్రకారం, ధన్యత ప్రకటన కాకముందు ఎవరికీ బహిరంగ ఆరాధన గౌరవాలు జరపకూడదు. అలా జరగలేదని కూడా విచారణలో చూపించవలసి ఉంటుంది. కాబట్టి అట్టమీద చిత్రంలో తలచుట్టూ కాంతివలయం వేయించవద్దు. గుడిలో పీఠం మీద ఆమె పటం పెట్టవద్దు. మే 5న ఆమె ఆత్మ కోసం దివ్యబలిపూజ చేయించవచ్చు, ఆమె గౌరవార్థం చేయించకూడదు. పూజ ప్రకటన రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. ఇంట్లో వ్యక్తిగతంగా ఆమె సహాయం అడుగుతూ ప్రార్థించడానికి అడ్డు ఏమీ లేదు. పుస్తకం చివర వేసే ప్రార్థనను మాత్రం మీరు సొంతంగా కూర్చక, శ్రీసభ అధికారుల అనుమతి ఉన్న దాన్నే అడిగి తీసుకోండి. ఎవరైనా తమకు ఆమె ద్వారా మేలు జరిగిందని చెబితే, దాన్ని పుస్తకంలో అద్భుతం అని అచ్చువేయకుండా, తేదీలు, వైద్య పరీక్షల కాగితాలతో సహా రాయించి మేత్రాసనానికి పంపండి.

ఇక మిగిలినది పెద్దల జ్ఞాపకాల సేకరణ. ఆమె పోయి దశాబ్దాలు గడిచాయి కనుక, ఆమెను స్వయంగా చూసిన వారు ఇప్పుడు చాలా పెద్ద వయసులో ఉంటారు. ఈ పనిని వచ్చే ఏడుకు వాయిదా వేయకండి. ప్రతి జ్ఞాపకం పక్కన ‘స్వయంగా చూసినది’ అనో, ‘అమ్మ చెప్పగా విన్నది’ అనో తప్పకుండా గుర్తు పెట్టండి. విన్నదానికి విలువ లేదని కాదు, రెండూ కలిసిపోతే తరవాతి తరం దేనినీ నమ్మలేదు. ‘ఆమె ఎలాంటివారు?’ అని అడగకండి. అలా అడిగితే ‘దేవతండీ’ అన్న జవాబే వస్తుంది. ఆసుపత్రిలో మంచాలు ఎటు ఉండేవి, మందు ఎందులో పోసి ఇచ్చేవారు, రాత్రిపూట వెలుతురు ఏమిటి, ఎవరు తలుపు తీసేవారు అని అడగండి. అలాంటి ప్రశ్నలకు వృద్ధులు కళ్ళు మూసుకుని, ఆ గదిలోకి వెళ్ళి వస్తారు.

ఆనాటి ఫొటో ఏదైనా దొరికితే, మధ్యలో కూర్చున్న తెల్ల దుస్తుల సిస్టర్ మీదనే మీ చూపు ఆగిపోకుండా, వెనుక వరుసలో నిలబడిన చీరకట్టు అమ్మాయిలను చూడండి. శిక్షణ పొందిన వాళ్ళు బహుశా వాళ్ళే. ఆ ఫొటోను పెద్దగా తీయించి, పాత కుటుంబాల ఇళ్ళకు పట్టుకెళ్ళి, ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి ‘ఈమె ఎవరు?’ అని అడగండి. నాలుగు పేర్లు దొరికినా చాలు. ఫొటో కింద గ్లౌరీ గారి పేరు రాసిన అక్షరాల సైజులోనే ఆ నాలుగు పేర్లూ రాయించండి. దొరకని వారి దగ్గర గీత గీసి ఖాళీ వదలండి. పుస్తకం చదివిన ఇంట్లో ఎవరో ఒకరు తమ నాయనమ్మను గుర్తుపట్టి, పెన్నుతో ఆ ఖాళీ నింపుతారు.